పిల్లల సైకిళ్ల లెక్కకి మీ సాయం కావాలి: డేటాబేస్ వాలంటీర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ టౌన్‌లోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ పిల్లలకి సైకిళ్లు ఇచ్చే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది, ఈ మధ్య పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు కూడా రెండు మూడు ఊళ్లలో మొదలుపెట్టాం. ఎవరింట్లోనో మేడ మీద ఎండకీ వానకీ తుప్పు పడుతున్న సైకిళ్లు తెచ్చి, బాగుచేసి, లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చినట్టు పిల్లలకి ఇస్తాం, ఎత్తు పెరిగి అది చిన్నదైపోయాక వెనక్కి తీసుకుని పెద్దది ఇస్తాం. ఆదివారం పొద్దున్నే అందరం కలిసి తొక్కుతాం, ఎక్కువసార్లు పానగల్ చెరువు కట్ట దాకా. పంక్చర్ వెయ్యడానికి, చైన్ ఎక్కించడానికి జనం బాగానే వస్తున్నారు. లెక్క సరిగ్గా రాసిపెట్టే వాళ్లే దొరకడం లేదు. ఆ పనికి వచ్చేవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. పొడుగ్గానే ఉంది, మీకు కావాల్సింది చూసుకుని చదవండి.

డేటాబేస్ పని అంటే ఏం చెయ్యాలి? సైకిళ్లు ఇవ్వడానికి అదంతా ఎందుకు?

ఒక ఆదివారం సంగతి చెప్తాను. తిప్పర్తి వైపు నుంచి ఒక అవ్వ మనవరాల్ని వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చింది. మేం లిస్టు పట్టుకుని పేర్లు పిలుస్తూ సైకిళ్లు ఇస్తూ పోతున్నాం. అందరూ అయిపోయారు. "నా మనుమరాలి పేరు పిలువలేదేంది బిడ్డా?" అని అడిగింది అవ్వ. మేం లెక్క రాసే గూగుల్ షీట్ హిస్టరీ తెరిచి చూస్తే తెలిసింది, ఆ పాప పేరు మొదట్లో రెండుసార్లు ఉండేదట: వాళ్లమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి, అవ్వ స్వయంగా వచ్చి రాయించినప్పుడు తెలుగులో ఒకసారి. డూప్లికేట్ కదా అని మా వాలంటీర్ ఒకరు మంచి మనసుతోనే ఒక వరుస తీసేశారు, సైకిల్ కేటాయించింది సరిగ్గా ఆ వరుసకే. దాంతో ఆ ఎర్ర సైకిల్ ఎవరికీ ఇవ్వనట్టు కనిపించింది, పొద్దునే ఇంకో పిల్లాడికి వెళ్లిపోయింది. మిగిలినవి రెండు, రెండూ 24 ఇంచుల చక్రాలవే. సీటు పూర్తిగా దించి ఎక్కించి చూశాం, పెడల్ కిందికి వెళ్లినప్పుడు పాప కాలు అందలేదు. దిగి, అవ్వ కొంగు పట్టుకుని ఏమీ అనకుండా నిలబడింది. వచ్చే ఆదివారం రమ్మని చెప్పి పంపాం గానీ ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఆ పాపకి సైకిల్ అందకపోవడానికి సైకిళ్ల కొరత కారణం కాదు, షీట్‌లో ఒక వరుస పొరపాటున తీసెయ్యడం. అలాంటి తప్పులు వెతకడం, సరిదిద్దడం, మళ్లీ రాకుండా కట్టుదిట్టం చెయ్యడం, డేటాబేస్ పని అంటే ఇదే.

నాకు కోడింగ్ రాదు. నేను పనికొస్తానా?

తప్పకుండా. ఈ పనిలో సగానికి పైగా చదవడం, పోల్చి చూడడం, ఫోన్ చేసి కనుక్కోవడమే. పాత నోట్‌బుక్కుల్లో పెన్సిల్‌తో రాసినవి చదివి ఎక్కించే ఓపిక ఉన్నవాళ్లు కావాలి, "అమ్మా, పాప పేరు ఒక్కసారి చెప్తారా" అని మర్యాదగా మాట్లాడగలిగే వాళ్లు కావాలి. రిటైర్ అయిన టీచర్లు ఈ పనిలో చాలా గట్టివాళ్లు, హాజరు పట్టీ నిలువు గళ్లు తప్పకుండా నింపడం వాళ్లకి అలవాటే. డిగ్రీ పిల్లలు ఎక్సెల్ నేర్చుకోవడానికి వస్తున్నారు, వాళ్లూ రావచ్చు. ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాష తెలిసిన వాళ్లు ఒకరిద్దరు ఉంటే చాలు.

ఇప్పుడు లెక్క ఎక్కడ రాస్తున్నారు?

మొదట పొడుగు నోట్‌బుక్, తర్వాత వాట్సాప్ గ్రూపు, ఆ తర్వాత గూగుల్ షీట్. వాట్సాప్ గ్రూపులో రాసుకున్న నెలలు మాకు ఇప్పటికీ తలనొప్పి, ఎందుకంటే "ఆ నీలం సైకిల్ మన బాబుకి ఇచ్చిన" అని మెసేజ్ ఉంటుంది, ఏ నీలం సైకిలో, ఏ బాబో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. షీట్ వచ్చాక కొంత నయం. ఇప్పుడు దాన్నే నాలుగు పట్టికలుగా విడదీస్తున్నాం: పిల్లలు, పెద్దవాళ్లు, సైకిళ్లు, ఇచ్చి పుచ్చుకున్న లెక్క. దాతలకీ వాలంటీర్లకీ సివీసీఆర్ఎం అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, స్వచ్ఛంద సంస్థల కోసమే చేసింది, దాన్ని కూడా చూస్తున్నాం. కానీ సైకిల్ ఎవరి దగ్గర ఉందో చెప్పే పట్టిక మన అవసరాన్ని బట్టి మనం కట్టుకోవాల్సిందే.

అన్నీ ఒకే షీట్‌లో ఉంటే చూసుకోవడం తేలిక కదా?

మొదటి నెల తేలికే. ఒక ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరూ సైకిళ్లు తీసుకున్నారనుకోండి, తండ్రి పేరు, ఫోన్, ఊరు రెండు వరుసల్లో రెండుసార్లు రాయాలి. ఆయన ఫోన్ నంబర్ మారినప్పుడు ఒక వరుసలో మారుస్తాం, రెండోది మర్చిపోతాం. ఏడాది తర్వాత ఏది సరైనదో ఎవరూ చెప్పలేరు. అదే పెద్దవాళ్ల పట్టిక వేరుగా ఉంటే ఆయన వివరాలు ఒక్కచోటే ఉంటాయి, ఇద్దరు పిల్లల వరుసలూ ఆ ఒక్కచోటికే దారి చూపిస్తాయి.

సైకిల్ సంగతీ అంతే. పిల్లాడి వరుసలోనే సైకిల్ నంబర్ రాస్తే, అది మార్చి పెద్ద సైకిల్ ఇచ్చిన రోజు పాత నంబర్ చెరిపి కొత్తది రాస్తాం, ఇంతకుముందు ఏది తొక్కాడో చరిత్ర పోతుంది. అందుకే ఇచ్చి పుచ్చుకున్న లెక్కకి విడిగా పట్టిక పెట్టాం, ఇచ్చిన ప్రతిసారీ కొత్త వరుస, వెనక్కి వచ్చిన తేదీకి పక్కన గడి, ఏదీ చెరపం. బ్రేకులు పదేపదే పాడవుతున్న సైకిల్ ఏదో ఈ పట్టిక చూస్తేనే మా మెకానిక్‌కి తెలుస్తుంది.

ఫోన్ నంబర్‌నే ప్రతి పిల్లాడికీ గుర్తింపుగా పెట్టుకోవచ్చు కదా?

సాఫ్ట్‌వేర్ వాళ్లు మొదట అడిగేది ఇదే, మా ప్రాంతంలో ఇది పని చెయ్యదు. పాలమూరు వైపు ఊళ్లలో అమ్మానాన్నలు కూలి పనులకి ముంబైకో పుణెకో పోతారు, పిల్లలు నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండి బడికి పోతారు. రాయించిన రోజు ఇచ్చే నంబర్ నాన్నది, ఆయన అక్కడికి వెళ్లాక సిమ్ మార్చేస్తాడు. అవ్వకి ఫోన్ ఉండదు, పక్కింటి వాళ్ల నంబర్ ఇస్తుంది. ఆ పక్కింటి నంబర్ మా షీట్‌లో మూడు ఇళ్ల పిల్లలకి ఉంది. అన్నదమ్ముల పిల్లలు నలుగురికీ ఒకే ఫోన్ ఉన్న ఇళ్లూ ఉన్నాయి.

అందుకే ప్రతి పిల్లకీ మేమే ఒక నంబర్ ఇస్తాం, దానికి అర్థం ఏమీ ఉండదు, వరుసగా పెరుగుతూ పోయే అంకె అంతే. ఊరి పేరు, బడి పేరు, పుట్టిన సంవత్సరం అందులో ఇరికించవద్దు. పిల్ల బడి మారితే నంబర్ మార్చాల్సి వస్తుంది, మార్చామా పాత లెక్కతో సంబంధం తెగిపోతుంది. ఫోన్ల కోసం మూడు గళ్లు పెట్టాం: నంబర్, అది ఎవరిది, చివరిసారి ఆ నంబర్‌లో మాట్లాడిన తేదీ. ఆ మూడో గడి మాకు చాలా కాలం తట్టలేదు, పెట్టిన తర్వాత వృథా ఫోన్లు బాగా తగ్గాయి. ఊరికి పోయినవాళ్లు దసరాకో పీర్ల పండక్కో ఇంటికి వస్తారు, నంబర్లు సరిచూసుకోవడానికి అదే మంచి అదను.

మరి ఆధార్ నంబర్?

తీసుకోం. సైకిల్ ఇవ్వడానికి ఆధార్ అవసరం లేదు. ఎవరైనా జిరాక్స్ ఇవ్వబోతే వద్దని చెప్పి వాళ్ల చేతికే తిరిగివ్వండి. పాత ఫైళ్లలో కనిపిస్తే నాకు చెప్పండి, చింపేద్దాం.

పేర్లు తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

రెండూ, వేర్వేరు గళ్లలో. కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా డూప్లికేట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నాయి.

ఇంగ్లిష్‌లో లక్ష్మిని ఒకరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు, ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు. శ్రీనివాస్‌కి ఒకరు ఐ, ఒకరు రెండు ఈలు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, చివర రాసేవాళ్లు, ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు. షేక్, సయ్యద్, మహ్మద్ ముందు ఉన్న పేర్లలో కంప్యూటర్ మొదటి మాటనే పేరు అనుకుంటుంది, అప్పుడు సగం మంది పిల్లలు "షేక్" అయిపోతారు. అందుకే ఇంటిపేరు ఒక గడిలో, పిల్ల పేరు ఒక గడిలో, బడిలో పిలిచే పేరు వేరొక గడిలో రాస్తాం. పిలిచే పేరు గడి ఉన్నాక ఆదివారం పొద్దున పని ఎంత తేలికైందో చెప్పలేను, రికార్డు పేరుతో పిలిస్తే పలకని పిల్లాడు "చిన్నూ" అంటే పరిగెత్తుకొస్తాడు.

తెలుగులో రాసినా చిక్కులు ఉన్నాయి. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు, యూనికోడ్ (కంప్యూటర్లు అక్షరాలకి వాడే ఉమ్మడి కోడ్) లెక్కలో అది ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "లక్ష్మీ" అని దీర్ఘం పెడితే కంప్యూటర్‌కి అది వేరే పేరు. "రాజ్‌కుమార్" అని జ్ కింద క వత్తు పడకుండా రాయాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, కొన్ని కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. మల్లయ్య, మల్లైయ్య కూడా అంతే. వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకుండా మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి, ఊరు కలిపి చూడండి, కళ్లతో చదివి ఒకరే అనిపిస్తే ఫోన్ చేసి కనుక్కోండి. కనుక్కునే దాకా ఏ వరుసా తీసెయ్యవద్దు. కలపాల్సి వస్తే రెండు వరుసల మీదా ఉన్న సైకిల్ లెక్కని ఒకదాని కిందికి తెచ్చాకే రెండోదాన్ని "కలిపేశాం" అని గుర్తుపెట్టండి, అప్పుడు కూడా చెరపవద్దు.

డీటీపీ సెంటర్లో కొట్టించిన లిస్టులు ఇస్తుంటారు, అవి అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటే మన షీట్‌లో అతికించినప్పుడు గజిబిజి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌కి మార్చాకే వాడాలి, మార్చిన తర్వాత వత్తులు ఒకసారి కళ్లతో చూడాలి. సీఎస్‌వీ ఫైల్ (పట్టికని మామూలు అక్షరాల్లో దాచే ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెలుగు పాడైపోయి కనిపించడం ఇంకో సంగతి, దానికి భయపడవద్దు, ఫైల్ బాగానే ఉంది. డేటా మెనూలోంచి తెచ్చుకుని యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని ఫైల్‌లో దాచే పద్ధతి) ఎంచుకోండి. పాడైనట్టు కనిపిస్తున్నప్పుడు మాత్రం సేవ్ చెయ్యకండి.

ఊరు, మండలం, జిల్లా ఎలా నింపాలి?

టైప్ చెయ్యవద్దు, లిస్టులోంచి ఎంచుకోండి. టైప్ చెయ్యనిస్తే నల్గొండే రెండు రకాలుగా వస్తుంది, నల్గొండ, నల్లగొండ. మహబూబ్‌నగర్ అయితే కలిపి ఒకరు, విడదీసి ఒకరు, పాలమూరు అని ఒకరు.

పైగా 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట వచ్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ అలవాటుగా పాత జిల్లా పేరే చెప్తారు, వాళ్ల కార్డుల మీద కూడా పాత పేర్లు ఉంటాయి. పిన్‌కోడ్ చూసి జిల్లా తేల్చుదామన్నా కుదరదు, నల్గొండ 508001, సూర్యాపేట 508213, రెండూ 508తోనే మొదలవుతాయి. కాబట్టి మండలం అడగండి, మండలం తెలిస్తే జిల్లా దానంతటదే వచ్చేలా పట్టిక కట్టాం.

తండాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. దేవరకొండ వైపు తండాలు చాలా ఉన్నాయి, 2018లో వాటిలో చాలా వాటిని సొంత గ్రామ పంచాయతీలు చేశారు. అంతకుముందు పెద్ద ఊరి పేరుతో రాసిన పిల్లలు ఇప్పుడు తండా పేరు చెప్తారు, ఇద్దరూ ఒకరే అయి ఉండవచ్చు. తండా పేరు వాళ్లు ఎలా చెప్తే అలాగే రాయండి, అది వాళ్ల ఊరు. పెద్ద ఊరి పేరు "పాత పంచాయతీ" అనే గడిలో ఉంటుంది.

సైకిల్ నంబర్లు తేదీలుగా మారిపోయాయని విన్నాను, నిజమేనా?

నిజమే, మా సొంత తప్పే. ప్రతి సైకిల్‌కీ సీటు కింద రేకు ముక్క మీద నంబర్ కొట్టి కడతాం. మొదట్లో చక్రం సైజు, గీత, వరుస నంబర్ అని పెట్టుకున్నాం, 20 ఇంచుల్లో ఏడో సైకిల్ అంటే 20-7. షీట్‌లో కొట్టగానే అది జూలై 20 అయిపోయింది. ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే అన్నీ అలా మారవు: పన్నెండు దాకా నెలలు ఉన్నాయి కాబట్టి 20-1 నుంచి 20-12 దాకా తేదీలయ్యాయి, 20-13 నుంచి మామూలుగానే ఉన్నాయి. పైనుంచి కిందికి చూస్తూ పోయినవాళ్లకి కింద వరుసలు బాగానే కనిపించేసరికి తప్పు చాలా రోజులు దొరకలేదు. ఇప్పుడు రేకుల మీద "సై" అనే అక్షరం ముందు పెట్టి అంకె కొడుతున్నాం, ఆ గడిని కూడా ముందే టెక్స్ట్‌గా మార్చి ఉంచాం.

దీనితో పాటు ఫ్రేమ్ నంబర్ కూడా రాస్తాం, ఎక్కువ సైకిళ్లకి పెడల్ ఇరుసు ఉండే గొట్టం అడుగున చెక్కి ఉంటుంది. సైకిల్ తిరగేసి, గ్రీజు తుడిచి, ఫోన్ లైట్ పక్కనుంచి వేసి చూడండి, ఎదురుగా వేస్తే అంకెలు కనిపించవు. రేకు ఊడిపోయినా దాంతో సైకిల్‌ని గుర్తుపట్టవచ్చు.

ఫోన్ నంబర్లకీ ఇదే జాగ్రత్త. ముందు 91 చేర్చి పన్నెండంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని 9.19ఈ+11 అని చూపిస్తుంది, అలా కనిపిస్తుండగానే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు నిజంగానే పోతాయి. పది అంకెలే కొట్టండి, గడి టెక్స్ట్‌గా ఉందో లేదో ముందు చూసుకోండి.

వయసు రాయాలా, పుట్టిన తేదీ రాయాలా?

పుట్టిన తేదీ. వయసు రాస్తే వచ్చే ఏడాదికి అది తప్పవుతుంది. కచ్చితంగా తెలియకపోతే సంవత్సరం ఒక్కటే రాయండి, ఊహించి జనవరి 1 అని రాయవద్దు.

అయితే సైకిల్ వయసుని బట్టి ఇవ్వం, కాలి కొలతని బట్టి ఇస్తాం. పిల్లని చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడమనండి, కాళ్ల మధ్య అట్ట పుస్తకం ఒకటి పెట్టుకుని సీటు మీద కూర్చున్నట్టు పైకి లాక్కోమనండి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా టేపుతో కొలవండి. ఆడపిల్లలకి ఆడ వాలంటీర్లే చూపిస్తారు, పుస్తకం పట్టుకునేది పిల్లే. కొలత సెంటీమీటర్లలో, పక్కనే కొలిచిన తేదీ. ఈ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు, తేదీ లేని కొలత ఎందుకూ పనికిరాదు. ఆరు నెలలు దాటిన కొలతలన్నీ షీట్‌లో పసుపు రంగులోకి మారేలా పెట్టాం, పసుపు కనిపిస్తే ఆ పిల్లని మళ్లీ కొలవాలి. హెల్మెట్‌కి తల చుట్టుకొలత, కనుబొమల పైనుంచి తీసుకోండి.

పిల్లల వివరాలు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా?

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రులో చట్టబద్ధమైన సంరక్షకులో ఒప్పుకోవాలి, ఒప్పుకున్నట్టు సరిచూసుకోగలగాలి. కాగితం మీద రాసుకుని తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించినా చట్టం వర్తిస్తుంది, కాబట్టి నోట్‌బుక్ అని ఊరుకోవడానికి లేదు. ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలికగా ఉండాలి.

మా ఫారం తెలుగులో ఒక్క పేజీ. ఏం రాసుకుంటున్నామో, ఎందుకో, ఎవరు చూస్తారో, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలో అందులో ఉంటుంది. చదవలేని వాళ్లకి మీరే నిదానంగా చదివి వినిపించండి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యి అవ్వా" అని తొందరపెట్టవద్దు. నానమ్మ పెంచుతున్నంత మాత్రాన చట్టం దృష్టిలో ఆమె సంరక్షకురాలు కాకపోవచ్చు, అందుకని అమ్మానాన్నలు ఊళ్లో లేకపోతే వీడియో కాల్‌లో మాట్లాడి, ఒప్పుకున్న తేదీ, మాట్లాడిన వాలంటీర్ పేరు రాసుకుంటాం. సైకిల్ తీసుకెళ్లడానికి అవ్వ వస్తే చాలు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లని రమ్మనకండి, మనమే ఇంటికి వెళ్దాం.

ఆరోగ్యం గురించి ఏం రాయాలి?

రైడ్ ముందు ఉండి నడిపించే వాళ్లకి ఆ పూట తెలియాల్సింది మాత్రమే. ఫిట్స్ వస్తాయా, ఆయాసం ఉందా, ఏదైనా పడదా, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంతకుమించి ఒక్క మాట వద్దు. ఆ గళ్లు రైడ్ లీడర్‌కీ ఇంకొకరికీ తప్ప ఎవరికీ కనిపించవు.

వాలంటీర్ల వివరాలు కూడా తీసుకుంటారా?

తీసుకుంటాం. పిల్లలతో నేరుగా ఉండేవాళ్లందరికీ పోలీస్ వెరిఫికేషన్ అడుగుతాం, డేటాబేస్ పనికి వచ్చినా సరే, ఎందుకంటే ఏ ఊళ్లో ఏ ఇంట్లో పిల్ల నానమ్మతో ఒంటరిగా ఉంటుందో ఆ షీట్ చూస్తే తెలుస్తుంది. దీనికి కొందరు నొచ్చుకుంటారు, "మా మీద నమ్మకం లేదా" అంటారు. నేనూ ఇచ్చాను. ఇవ్వడానికి ఇష్టం లేనివాళ్లు సైకిళ్ల పట్టిక చూడవచ్చు, పిల్లల పట్టిక తెరవడానికి లేదు. షీట్‌ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టడం, "ఒక్కసారి చూడు" అని స్నేహితులకి లింకు పంపడం రెండూ నిషేధం, ఈ విషయంలో రెండో అవకాశం ఉండదు.

పని చేస్తుండగా ఏ పిల్ల గురించైనా మనసుకి తేడాగా అనిపిస్తే షీట్‌లో రాయవద్దు, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది, నేరుగా దానికి చేసినా తప్పు లేదు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, లేదా అమెరికాలో. దూరం నుంచి సాయం చెయ్యవచ్చా?

చెయ్యవచ్చు. పట్టికలు కట్టడం, ఫార్ములాలు, డూప్లికేట్లు పట్టే చిన్న ప్రోగ్రామ్ రాయడం లాంటివి దూరం నుంచే బాగా అవుతాయి. మీకు కల్పిత పేర్లతో నింపిన షీట్ ఇస్తాం, గళ్లన్నీ అవే, చిక్కులన్నీ అవే, పిల్లలు మాత్రం నిజం వాళ్లు కాదు. మీరు చేసింది ఇక్కడ మేం అసలు షీట్ మీద నడిపి చూస్తాం.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాను, మీకో కొత్త యాప్ కట్టిస్తే?

మీ మనసుకి దండం. ఇప్పటికి ఇద్దరు ముగ్గురు ఇలాగే ముందుకొచ్చారు, ఒక యాప్ సగం దాకా వచ్చింది కూడా. తర్వాత వాళ్లకి ఉద్యోగం మారింది, పెళ్లైంది, ఆ యాప్‌లో ఎక్కించిన రెండు నెలల లెక్క బయటికి తీయడానికి మాకు చాలా కష్టమైంది. ఇప్పుడు మా షరతు ఒక్కటే: మీరు వెళ్లిపోయిన మర్నాడు డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు దాన్ని నడపగలగాలి, లెక్కంతా మామూలు ఫైల్‌గా ఎప్పుడంటే అప్పుడు బయటికి రావాలి. దానికి ఒప్పుకుంటే కూర్చుని మాట్లాడుకుందాం. యాప్ కన్నా ముందు మాకు తెలుగులో రాసిన వాడుక పుస్తకం కావాలి, ఏ గడి దేనికో, ఎలా నింపాలో.

సిగ్నల్ లేని ఊళ్లలో ఎలా?

కోబో టూల్‌బాక్స్ అని ఉంది, ఫోన్‌లో నెట్ లేకుండా ఫారం నింపుకుని సిగ్నల్ వచ్చాక పంపుకోవచ్చు. దాన్ని రెండు ఊళ్లలో వాడుతున్నాం. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది కాబట్టి కాగితం ఫారాలు కూడా సంచిలో ఉండాలి.

పొరపాటున ఏదైనా చెరిపేస్తే?

వెంటనే చెప్పండి, ఎవరూ ఏమీ అనరు. గూగుల్ షీట్‌లో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. చెప్పకుండా మీరే గుర్తుతో నింపే ప్రయత్నం చేస్తేనే చిక్కు. ఆదివారం రాత్రి ఒకరు మొత్తం కాపీ తీసి, పాస్‌వర్డ్ పెట్టి, నెట్‌తో సంబంధం లేని డిస్క్‌లో వేస్తారు, ఆ డిస్క్ ఆఫీసులో ఉండదు, వేరే ఇంట్లో ఉంటుంది. మూడు నెలలకోసారి ఆ కాపీని తెరిచి నిజంగా పని చేస్తుందో లేదో చూస్తాం.

ఎంత టైం పడుతుంది? సర్టిఫికెట్ ఇస్తారా?

వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే బాగుంటుంది, జూన్‌లో బళ్లు తెరిచే రోజుల్లో కాస్త ఎక్కువ, అప్పుడే కొత్త పేర్లు వెల్లువలా వస్తాయి. సర్టిఫికెట్ కావాలంటే మూడు నెలలు చేశాక ఇస్తాం. రెండు వారాలు చేసి మానేసినా పర్వాలేదు, కానీ మానేస్తున్నట్టు ఒక మాట చెప్పండి, మీ దగ్గరున్న కాగితాలు తిరిగివ్వండి.

సరే, ఎలా మొదలుపెట్టాలి?

ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి రండి, ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంచండి. మొదటి గంట టైర్లకి గాలి కొట్టండి, పిల్లలతో మాట్లాడండి, వీలైతే పానగల్ దాకా తొక్కండి. తిరిగొచ్చాక చెట్టు కింద బల్ల వేసి ఉంటుంది, ఫారాలు, టేపు, అట్ట పుస్తకం దాని మీదే ఉంటాయి. కొత్తగా వచ్చిన పిల్లని ఒకరిని మీ పక్కన కూర్చోబెడతాం, ఆ పిల్ల వరుస మీరే నింపండి, ఇంటిపేరు ఎలా రాయాలో తననే అడగండి.